ఆ బొమ్మలో ఉన్నది రేంజ్‌ఫైండర్ కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవానికి ముందు ఆదివారం మీ అనుబంధంలో, కొత్తగా ఫోటోలు నేర్చుకునేవారు ఏ కెమెరా కొనాలో చెబుతూ ఒక నిండు పేజీ వ్యాసం వేశారు. విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్న మా మనవరాలు ఆ పేజీని ఫోనులో పంపి, "తాతయ్యా, ఇందులో రాసింది నిజమేనా?" అని అడిగింది. రేంజ్‌ఫైండర్ అనే రకం కెమెరా ధనవంతులు మెడలో వేసుకుని తిరిగే నగ అనీ, దాని కాలం ఎప్పుడో తీరిపోయిందనీ, ఫోటో మీద నిజంగా ఆసక్తి ఉన్నవారు డీఎస్‌ఎల్‌ఆరే (డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్) కొనాలనీ ఆ వ్యాసం సారాంశం. అమలాపురంలో ముప్ఫై ఏడేళ్లు స్టూడియో నడిపినవాణ్ణి. రెండు రకాల కెమెరాలూ మెడలో వేసుకుని పెళ్లిళ్లకూ తీర్థాలకూ తిరిగాను. ఆ పిల్లకు ఫోనులో చెప్పబోతే అరగంటైనా మాట పూర్తి కాలేదు. ఆమెకు చెప్పదలచుకున్నదే మీకూ రాస్తున్నాను.

ముందు బొమ్మ సంగతి. 'రేంజ్‌ఫైండర్ కెమెరా' అని కింద రాసి మీరు వేసినది ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100. 2011లో వచ్చిన ఆ కెమెరా మంచిదే. పాత రేంజ్‌ఫైండర్ పోలికలతోనే తయారైంది, మూలన చూసే కిటికీ కూడా ఉంది. కానీ అందులో ఫోకస్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో కెమెరా తనంతట తానే చేసుకుంటుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అనే పరికరం దాని కడుపులో లేదు. ఆకారం చూసి పేరు పెడితే చదివిన పిల్లలు అదే నిజమనుకుంటారు, రేపు అదే మాట ఇంకొకరికి చెబుతారు.

అసలు రేంజ్‌ఫైండర్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి కెమెరా కూడా అక్కరలేదు. చేయి చాపి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి చూడండి, తరువాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. దగ్గరి వస్తువు ఎక్కువ జరుగుతుంది, దూరపు వస్తువు తక్కువ. కెమెరా ముందు భాగంలో ఎడంగా ఉన్న రెండు కిటికీలు అలాంటి రెండు కళ్లు. రెండో కిటికీలో పడిన బొమ్మ లోపలి అద్దాల మీదుగా వచ్చి, మనం చూసే కిటికీ నడుమ ఒక చిన్న మచ్చలా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పుతుంటే ఆ మచ్చలోని బొమ్మ కదులుతుంది. మనిషి ముఖం మీద రెండు ముక్కులు కనిపిస్తున్నాయనుకోండి, అవి కలిసి ఒకటయ్యేదాకా తిప్పాలి. కలిస్తే ఫోకస్ కుదిరినట్టే.

ఎస్‌ఎల్‌ఆర్‌లో, అది రీలుదైనా డిజిటల్‌దైనా, మనం లెన్సులోంచే చూస్తాం. లెన్సు వెనుక 45 డిగ్రీల వంపులో ఒక అద్దం ఉంటుంది. వెలుగు దానికి తగిలి పైకి వెళ్లి, గాజు తెర మీద పడి, ప్రిజం గుండా మన కంటికి వస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి దారి వదులుతుంది, షట్టర్ అనే లోపలి తెర తెరుచుకుంటుంది, వెలుగు వెనక్కి వెళ్లి ఫిల్ము మీదో సెన్సర్ మీదో పడుతుంది. లెన్సు చూసేది ఉన్నదున్నట్టు మనకు కనిపిస్తుంది, ఒక్క ఫోటో తీసే క్షణంలో తప్ప. మీ వ్యాసం ఈ 'తప్ప'ను పట్టించుకోలేదు. నేను ఆ ఒక్క క్షణంతోనే ముప్ఫై ఏడేళ్లు బతికాను కాబట్టి వదలలేను.

1981లో మా మేనమామ కువైట్ నుంచి సెలవు మీద వస్తూ యాషికా ఎలక్ట్రో 35 అనే రేంజ్‌ఫైండర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పడానికి వీలులేని 45 మిల్లీమీటర్ల లెన్సు, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) 1.7. అపర్చర్ మనం పెడితే షట్టర్ వేగం అదే చూసుకుంటుంది. వెలుగు చాలకపోతే పైన పసుపు దీపం, ఎక్కువైతే ఎర్ర దీపం వెలుగుతుంది. షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి 'టిక్' అని చిన్న చప్పుడు, పక్కవాడికి కూడా వినపడదు.

దాని లోపం కూడా మొదటి నెలలోనే తెలిసింది. మా తాతగారి సహస్ర చంద్ర దర్శనం నాడు 36 ఫ్రేముల రీలు మొత్తం లెన్సు మూత తీయకుండా తీశాను. ఎస్‌ఎల్‌ఆర్ అయితే మూత ఉంటే చీకటి తప్ప మరేమీ కనిపించదు, వెంటనే తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్‌లో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. ఎలక్ట్రో 35లో వెలుగు కొలిచే కన్ను కూడా లెన్సు దగ్గర లేదు, పైన కిటికీ పక్కన ఉంది. అందుకని దీపాలు కూడా నన్ను హెచ్చరించలేదు. రాజమండ్రిలో రీలు కడిగించి విప్పి చూస్తే కొసాకొస ఏమీ లేదు. తాతగారు మరుసటి ఏడాది పోయారు. ఆ వేడుక ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. కాబట్టి రేంజ్‌ఫైండర్‌కు లోపాలు లేవని నా దగ్గర ఎవరూ అనలేరు.

1984లో స్టూడియో తెరిచాక పెంటాక్స్ కే1000 అనే ఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. పెళ్లి పనికి అది లేకపోతే కుదరలేదు. యాషికాకు 80 సెంటీమీటర్ల లోపల ఫోకస్ కుదరదు. పెళ్లికూతురి కాలి మెట్టెలు, గోరింటాకు చేతులు, మంగళసూత్రం ముడి తీయాలంటే దగ్గరికి వెళ్లాలి. అప్పగింతలప్పుడు తండ్రి కళ్లు తీయాలంటే దూరాన నిలబడి 135 మిల్లీమీటర్ల పొడవు లెన్సు పెట్టాలి, దగ్గరికి వెళితే ఆయన ఏడుపు దిగమింగుకుంటాడు. ఇవి ఎస్‌ఎల్‌ఆర్ పనులు. 1954లో లైకా ఎం3 అనే రేంజ్‌ఫైండర్ వచ్చినప్పుడు దానికి ఎదురులేదనుకున్న పత్రికా ఫోటోగ్రాఫర్లు, 1959లో నికాన్ ఎఫ్ అనే ఎస్‌ఎల్‌ఆర్ వచ్చాక అటు మళ్లారంటే కారణం ఇదే. ఏ లెన్సు పెడితే ఆ లెన్సు చూపు మన చూపు అవుతుంది.

అయితే మన పెళ్లిలో జీలకర్ర బెల్లం క్షణం ఒకటి ఉంది. అడ్డుతెర మీదుగా వధూవరులు ఒకరి తల మీద ఒకరు చేయి పెడతారు. గట్టిమేళం మోగుతుంది, నాలుగువైపుల నుంచి అక్షతలు పడతాయి, తెర దిగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. పెంటాక్స్‌తో ఆ క్షణాన మీట నొక్కితే నా కంటి ముందు చీకటి. సెకనులో పదో వంతో, కాస్త ఎక్కువో. ఫ్లాష్ వెలిగేది సరిగ్గా ఆ చీకటిలోనే. పెళ్లికూతురు రెప్ప వేసిందా, ఎవరి మోచేయైనా అడ్డు వచ్చిందా, అసలు ఫ్లాష్ వెలిగిందా అన్నది నాకు తెలియదు. మా కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టి "వెలిగింది" అని చెప్పించుకునేవాణ్ణి.

1991లో ముక్తేశ్వరం దగ్గర ఒక పెళ్లిలో ఆ ఫోటోలో అమ్మాయి కళ్లు మూతపడ్డాయి. ఆల్బం చూడడానికి వచ్చిన తల్లి ఆ పేజీ దగ్గర ఆగి, "ఇంకొకటి లేదా బాబూ?" అని అడిగింది. లేదు. ఆమె ఇంకేమీ అనలేదు, పేజీ తిప్పింది. నేను ఆ రాత్రి బీరువాలోంచి యాషికా తీశాను.

అప్పటినుంచి ప్రతి పెళ్లికీ రెండు కెమెరాలు. మిగతా పెళ్లంతా పెంటాక్స్, ఆ రెండు నిమిషాలు యాషికా. ముందే రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టి, అపర్చర్ 8 చేసి సిద్ధంగా ఉండేవాణ్ణి. రేంజ్‌ఫైండర్ కిటికీలో అద్దం లేవదు, చీకటి రాదు. ఫ్లాష్ వెలుగు ఆ అమ్మాయి ముఖం మీద పడడం నా కంటితోనే చూసేవాణ్ణి. రెప్ప పడితే తెలిసేది, వెంటనే మీట లాగి ఇంకొకటి తీసేవాణ్ణి. ఆ తరువాత నేను తీసిన పెళ్లిళ్లలో ఆ పేజీ దగ్గర ఏ తల్లీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు డిజిటల్ వచ్చింది కదా, వెనుక తెర మీద చూసుకోవచ్చు కదా అని మీ వ్యాసకర్త అనవచ్చు. 2006లో నేను నికాన్ డీ70ఎస్ అనే డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. చూసుకోవచ్చన్న మాట నిజం. ఫ్లాష్ వెలగలేదన్న భయం పోయింది, రీలు ఖర్చు పోయింది, మూత భయం అంతకుముందే పోయింది. కానీ రెప్ప పడిందని వెనుక తెర మీద చూసి తెలుసుకునేసరికి ముహూర్తం దాటిపోయి ఉంటుంది. పైగా తల వంచి ఆ తెర చూస్తున్న సమయంలో పందిట్లో ఏమి జరిగిందో ఎవరు తీస్తారు? నాలుగు రీళ్లతో 144 ఫ్రేముల్లో పెళ్లి ముగించిన నేను రెండు వేలు తీయడం మొదలుపెట్టాను. ఎంచుకునేటప్పుడు చూస్తే వాటిలో ఒకే ఫోటో ఇరవైసార్లు ఉండేది. వరుసగా నొక్కుతూ పోవడం కబడ్డీ ఆటకు పనికివస్తుంది. అదే అలవాటు అన్నిచోట్లా పట్టుకుంటే చూడడం మానేసి ఏరుకోవడం మొదలవుతుంది, నాకు అదే జరిగింది.

చూడడం అన్నాను కాబట్టి మా కోనసీమలోని జగ్గన్నతోట తీర్థం గురించి చెప్పాలి. కనుమ నాడు చుట్టుపక్కల గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, వెదురుతో కట్టి రంగు బట్టలతో అలంకరించినవి, అక్కడికి వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏటిలో దిగి, భుజాల మీద నీళ్లు దాటి, పచ్చని చేల మీదుగా తోటకు చేరతాయి. చేలు తొక్కుతున్నారని రైతు బాధపడడు, శివుడు నడిచాడని సంతోషిస్తాడు. 1993లో నేను ఆ ఒడ్డున యాషికాతో నిలబడ్డాను. కిటికీలో ఫోటో హద్దులు వెలుగు గీతల్లో కనిపిస్తాయి, ఆ గీతలకు బయట కూడా కొంత కనిపిస్తుంది. ముందు వరుసలో ఒక ముసలాయన నడుముదాకా నీళ్లలో, భుజం వాసానికి ఆనించి, నోరు తెరిచి 'అశ్శరభ' అని శివుణ్ణి తలుస్తూ కేక వేస్తున్నాడు. గీతకు ఎడమవైపు బయట, ఒక పిల్లవాడు జారుతూ పరుగెత్తుకు రావడం కనిపించింది. వాడు గీత లోపలికి వచ్చేదాకా ఆగాను. వాడి చేయి ముసలాయన పంచె పట్టుకున్నప్పుడు నొక్కాను. ఎస్‌ఎల్‌ఆర్ కిటికీలో ఫోటోలో పడేది మాత్రమే కనిపిస్తుంది. ఆ పిల్లవాడు వస్తున్నాడని నాకు తెలిసేది కాదు. ఆ ఫోటో ఇప్పటికీ మా వీధి గదిలో ఉంది.

అదే తీర్థంలో మరో ఏడాది పెంటాక్స్‌తో ఎదుటి ఒడ్డున నిలబడి 200 లెన్సు పెట్టాను. ప్రభ పైభాగంలోని రంగు బట్టలు, వెదురు కట్లు, వెనుక కొబ్బరి మట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వచ్చాయి. అది యాషికా ఎన్నటికీ చేయలేని పని. రేంజ్‌ఫైండర్లలో పొడవు లెన్సులు సాధారణంగా 135 దగ్గర ఆగిపోతాయి. ఆపైన ఆ చిన్న మచ్చతో ఫోకస్ కచ్చితంగా కుదరదు, ఫోటో హద్దులు కిటికీలో గోరంత అయిపోతాయి. కోరంగి మడ అడవుల్లో కొంగలను తీయాలనుకునేవారికి రేంజ్‌ఫైండర్ కొనమని నేను కలలో కూడా చెప్పను.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తరువాత కాట్రేనికోన వైపు వెళ్లాను. పడిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ సగం దూరం నడక. నలుపు తెలుపు రీళ్లు రెండు, యాషికా మాత్రమే జేబులోనూ సంచిలోనూ పట్టాయి. కప్పు ఎగిరిపోయిన ఇంటి అరుగు మీద కూర్చున్న ఒక అమ్మ దగ్గర ఆగి అడిగాను, తీయమంది. పెంటాక్స్‌ను కంటికి ఆనిస్తే నా ముఖం నడుమ పెద్ద లెన్సు, పైన ప్రిజం గూడు వచ్చి ఎదుటి మనిషికి నేను కనిపించేవాణ్ణి కాదు. యాషికా చిన్నది, కిటికీ ఒక పక్కకు ఉంటుంది, నా ముఖం కొంత ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఆమె కెమెరాను చూడలేదు, నన్ను చూసి మాట్లాడింది. మాట్లాడుతుండగా నాలుగు తీశాను. ఆ చప్పుడుకు ఆమె మాట ఆగలేదు. అలాంటి చోట అద్దం కొట్టుకునే చప్పుడు ఎంత పెద్దగా వినపడుతుందో శోకం ఉన్న ఇంట్లో ఫోటో తీసినవారికి తెలుస్తుంది. 1948 జనవరి 30 రాత్రి బిర్లా భవనం గేటు దగ్గర నెహ్రూ గాంధీజీ మరణవార్త చెబుతున్న ఫోటోను ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాఁ చిన్న లైకాతో తీశాడు. అప్పటికి ఎస్‌ఎల్‌ఆర్ ఇప్పటి రూపానికి రాలేదు కాబట్టి దానిని పోటీకి తార్కాణంగా తీసుకోను. కానీ ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఆ అరుగు గుర్తుకు వస్తుంది.

ధర దగ్గర మీ వ్యాసంతో నాకు పేచీ లేదు. డిజిటల్‌లో రేంజ్‌ఫైండర్ అంటే ఇప్పుడు దాదాపు లైకా ఒక్కటే. 2004లో ఎప్సన్ ఆర్‌డీ1 మొదట వచ్చింది, రీలు కెమెరాలాగే మీట లాగి షట్టర్ బిగించాలి. 2006లో లైకా ఎం8, 2009లో 36×24 మిల్లీమీటర్ల పూర్తి సెన్సర్‌తో ఎం9. ఎప్సన్ ఆ దారి వదిలేసింది. కొత్త లైకా లక్షల్లో ఉంటుంది, దానికోసం ఏ విద్యార్థీ అప్పు చేయకూడదు. కానీ ఖరీదైనది లైకా. రేంజ్‌ఫైండర్ అనే పద్ధతి ఖరీదైనది కాదు. రష్యా నుంచి వచ్చిన జోర్కీలు, జపాన్ నుంచి వచ్చిన యాషికాలు, కెనానెట్‌లు మన ఇళ్లలో బీరువాల అడుగున ఇంకా ఉన్నాయి. ధనవంతుల నగ అన్న మాట మా మేనమామ గల్ఫు ఎండలో కూడబెట్టిన డబ్బుతో కొన్న కెమెరాకు తగిలింది. అందుకే నాకు నొప్పి కలిగింది.

మీ వ్యాసం చెప్పని మరో సంగతి కూడా ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ కాలమూ దాటుతోంది. నికాన్, కెనాన్ రెండూ 2018 నుంచి అద్దం లేని కెమెరాల వైపు గట్టిగా మళ్లాయి, 2020 తరువాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ నమూనాలు తేలేదు. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల ధర అందుకే పడింది, చదువుకునే పిల్లలకు ఇది అదృష్టం. అందుకే మా మనవరాలికి నేనూ డీఎస్‌ఎల్‌ఆరే కొనమన్నాను, కొత్తది వద్దన్నాను. కొనేటప్పుడు లెన్సు లోపలికి టార్చి వేసి చూడమన్నాను. మన తీరప్రాంతపు తేమకు గాజు మీద సాలెగూడులా ఫంగస్ పడుతుంది. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క అడగమన్నాను. నికాన్‌లో 3000, 5000 వరుసల కెమెరాలకు లోపల ఫోకస్ మోటారు ఉండదు, చవకగా దొరికే పాత ఏఎఫ్-డీ లెన్సు వాటి మీద తనంతట తాను ఫోకస్ చేయదు. ఇది తెలియక మా వీధిలోనే ఒక కుర్రవాడు లెన్సు కొని బాధపడ్డాడు. 7000 వరుసలో ఆ మోటారు ఉంది. ఆమె అదే వెతుక్కుని వాడినది కొనుక్కుంది.

దానితోపాటు నా యాషికా కూడా ఇచ్చాను. దాని 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. 6 వోల్టులదానికి అట్టముక్క చుట్టి, కింద స్ప్రింగు పెట్టి బిగించాను, బాగానే పనిచేస్తోంది. ఇన్నేళ్లూ దానిని బిస్కెట్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాను. గులాబీ రంగుకు తిరిగినప్పుడల్లా ఆ గుళికలను మూకుడులో నీలం రంగు వచ్చేదాకా వేయించేవాణ్ణి. అందుకే లెన్సులో ఒక్క మచ్చ లేదు. నలుపు తెలుపు రీలు ఒకటి వేసి ఇస్తూ మూత విషయం మూడుసార్లు చెప్పాను. తీసిన ప్రతి ఫోటోకు తేదీ, ఎక్కడ నిలబడిందీ, ఎందుకు అప్పుడే నొక్కిందీ ఒక నోటుపుస్తకంలో రాయమన్నాను. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఈ నెలలో తొమ్మిది వందలు తీసింది, యాషికాతో ఇరవై ఐదు. మొన్న ఫోనులో ఆ పుస్తకం చదివి వినిపించింది. ఇరవై ఐదింటికీ కారణం ఉంది.

ఇంకా పదకొండు ఫ్రేములు మిగిలాయి. వాటిని కనుమ దాకా దాచుకుని జగ్గన్నతోటకు వస్తానంది. రీలు మా ఇంట్లోనే కడుగుతాం. మందునీళ్లు 20 డిగ్రీలకు దిగాలి కాబట్టి సంక్రాంతి చలిలో కూడా చల్లబరచడానికి మట్టికుండ కావాలి. అటక మీది డెవలపింగ్ ట్యాంకు నిన్ననే దించి కడిగాను.

ఎక్స్100 బొమ్మ కింది పేరును వచ్చే ఆదివారం సవరించి వేయగలరని కోరుతున్నాను. పక్కన నిజమైన రేంజ్‌ఫైండర్ బొమ్మ కావాలంటే, మా మనవరాలు యాషికాను తన డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీసి పంపిస్తానంది.

ఇట్లు,
విశ్రాంత స్టూడియో ఫోటోగ్రాఫర్,
అమలాపురం
(పేరు ప్రచురించవద్దని మనవి)